దయామయుడి భుజం మీద నన్సల్మా టవరు

మా లోయలకు నెట్ ఇచ్చేది నన్సల్మా. ఆవిడ కంపెనీలో ఉద్యోగులు ఎందరయ్యా అంటే ఆవిడ ఒక్కతే. జీతం లేకుండా తిట్లు తినడానికి మాత్రం నేనున్నాను. నా పేరు ఒచిర్, పశువుల డాక్టర్ని. ఆవిడ కంచె పక్కనే నా కంచె వేసుకోవడం నా ఖర్మ.

ఒకప్పుడు మా ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో తీగలు కలిపేది నన్సల్మా. ఎవరికి పెళ్ళి కుదిరిందో పెళ్ళికొడుకు కంటే ముందే ఆవిడకు తెలిసేది. ఎక్స్‌ఛేంజీ మూతపడ్డాక మరొకరైతే ఉన్ని వడుకుతూ కూర్చునేవారు. ఈవిడకు పదిమందినీ కలపనిదే తిన్నది అరగదు. ఊరిదాకా వచ్చిన లైను కొండవతల లోయలకు ఎందుకు పోదో చూస్తానని టవరు నిలబెట్టి, దొరికిన ప్రతి గుడారం నెత్తినా ఓ డిష్ పెట్టింది. ఇప్పటికీ ఫోనులో అరుస్తూనే మాట్లాడుతుంది. పాత తీగల అలవాటు.

నెట్ వ్యాపారం ఎక్కడైనా కష్టమే కావచ్చు. కానీ కస్టమర్లు ఇళ్ళు మడిచి ఒంటెల మీదో లారీల మీదో వేసుకుని వెళ్ళిపోయే వ్యాపారం మాదే. వసంతంలో ఒకచోట, ఎండాకాలంలో ఇంకోచోట. దిగిన మర్నాడు ఫోను: "అక్కా, నెట్ చచ్చిపోయింది."

"చావలేదురా, నువ్వే దాన్ని వదిలేసి పోయావ్. గుడారం గుమ్మం దక్షిణానికే పెట్టావుగా?"

"ఇంకెటు పెడతారక్కా?"

"నాలుగడుగులు బయటికొచ్చి, గుమ్మానికి వీపు పెట్టి నిలబడు. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడు. ఏం కనబడుతోంది?"

"మా అత్తగారు."

"ఆవిణ్ణి పక్కకి జరగమను. వెనకాల దయామయుడు కనబడుతున్నాడా? డిష్ ఆయన భుజం వైపు తిప్పు. ఇంకాస్త. అదీ!"

మా దేశంలో ప్రతి గుడారమూ దక్షిణానికే చూస్తుంది కాబట్టి ఊళ్ళో కూర్చుని లోయంతటినీ భుజాల లెక్కన సరిచేసేది ఆవిడ. దయామయుడంటే మా కొండ. దానికి అసలు పేరుంది, కానీ నేను చెప్పను. కొండ కనబడేచోట దాని పేరు పలకం. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనబడుతూనే ఉంది, కాబట్టి మీకూ దయామయుడే.

ఆ కొండ భుజం మీద మొక్కుల రాళ్ళగుట్ట ఉంది. దారిలో ఒక తెల్లరాయి ఉంటుంది, అది దాటి ఆడవాళ్ళు పైకి వెళ్ళరు. టవరేమో ఆ రాయికి పైన, మొక్కుల గుట్ట పక్కన. అక్కణ్ణుంచైతేనే రెండు లోయలూ కనబడతాయి. అంటే టవరు ఆవిడది, ఎక్కేది నేను. "ఎడమ బోల్టు! నీ ఎడమ కాదు, టవరు ఎడమ!" అని కింద తెల్లరాయి దగ్గర నిలబడి దుర్భిణిలో చూస్తూ అరుస్తుంది. గుర్రం పళ్ళు చూసి వయసు చెప్పగలను గానీ టవరు ఎడమ ఏదో నాకివాళ్టికీ తెలీదు.

ఆ టవరుకు బద్ధశత్రువు జమ్యాన్ తాత. పందెపు గుర్రాలను తయారుచేయడంలో ఆయనకు సాటి లేరు, మొండితనంలో అసలే లేరు. కిందటేడు వానలు పడలేదు. "దయామయుడి భుజంలో ఇనప మేకు దిగ్గొడితే వానెందుకు పడుద్ది? మీ భుజంలో దిగ్గొడితే మీరు ఊరుకుంటారా?" అని కనబడినవాడినల్లా నిలదీశాడు. తమాషా ఏమిటంటే ఆయన గుడారం మీద కూడా డిష్ ఉంది. భార్య ఖందమ్మ పెట్టించుకుంది. అడిగితే, "అదా, అది ఎండు పెరుగు ఆరబెట్టుకునే మూకుడు" అనేవాడు ముఖం తిప్పుకుని.

చివరికి ఊరి సభలో, రాబోయే నాదాం గుర్రప్పందేల పండగ అయిన మర్నాడు పెద్దలంతా కూర్చుని టవరు ఉంచాలో పీకాలో తేల్చాలన్నారు. నన్సల్మాకు రోషం వచ్చింది. ఆ సభలోనే లేచి, "పండగనాడు గుర్రప్పందెం లోయలో ప్రతి గుడారంలో చూపిస్తాను. మందల దగ్గర ఉండిపోయినవాళ్ళు, కాళ్ళు లేవనివాళ్ళు, అందరూ చూస్తారు. చూపించలేకపోయానా, మీరు పీకక్కర్లేదు, నేనే విప్పేసుకుంటాను" అంది. నేను ఆవిడ కోటు పట్టుకు లాగాను. అప్పటికే ఆలస్యమైంది. ఆ రాత్రి ఆవిడ గిన్నెలు తోముతున్న చప్పుడు మా ఇంటిదాకా వినబడింది. భయం వేస్తే గిన్నెలు తోముతుంది.

కాళ్ళు లేవనివాళ్ళలో ఖందమ్మ ఒకతి. పాలు పితుకుతుంటే ఆవు తన్ని కాలు విరిగింది. భర్త గుర్రం పరిగెత్తిన ఏ పందేనికీ ఆవిడ రాకుండా ఉండలేదు. ఈసారి మనవరాలు అనుజిన్ తాతగారి గుర్రం ఎర్రపిల్ల మీద రెండేళ్ళ గుర్రాల పందెంలో దిగుతోంది. ఖందమ్మ నన్సల్మాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, నాకు గెలుపోటములు అక్కర్లేదే, దాని జుట్టు ఎగరడం చూస్తే చాలు" అని ఏడ్చిందట.

పండగ తెల్లారేసరికి చిరుజల్లు. అందరూ మురిసిపోయారు. కొండ మీద జల్లు ఆగకపోయినా, ఎండ రాగానే మైదానమంతా పులిసిన గుర్రపుపాల వాసన, మాంసం బూరెల నూనె వాసన. గమ్యం దగ్గర కర్రకు తన రెండో ఫోను కట్టి నన్సల్మా ప్రసారం మొదలుపెట్టింది. ఎర్రపిల్లా మిగతా గుర్రాలూ బయల్దేరే చోటికి నడిచి వెళ్ళాయి. అంత దూరమూ వెళ్ళి, అక్కణ్ణుంచి పరిగెత్తి రావాలి. అవి కనుమరుగయ్యాయో లేదో, నన్సల్మా చేతిలోని టాబ్లెట్ పలకలో, గుడారానికొకటిగా వెలిగే లోయ పచ్చదీపాలన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి.

"ఒచిరూ!"

ఆ కేకకు నా చేతిలో బూరె జారిపోయింది. మోటారుసైకిలెక్కి కొండకేసి పరిగెత్తించాను. తెల్లరాయి దాటాక బండి ఎక్కదు, నేనెక్కాలి. రొప్పుతూ పైకి చేరి, అలవాటుగా మొక్కుల గుట్ట చుట్టూ మూడుసార్లు తిరుగుతుంటే ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావ్?"

"ప్రదక్షిణం."

"దయామయుడికి నేను చెప్పుకుంటాలే, ముందు డిష్ చూడు!"

చూశాను. లోయవైపు డిష్ ముఖానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా, మడత మీద మడత వేసి, పెద్ద నీలిపట్టు కండువా కట్టి ఉంది. వాన నీళ్ళతో తడిసి బరువెక్కి, తడిగుడ్డ వేసిన కుండలా ఉంది. పైగా దాని మీద పాలు చిలకరించిన చారలు. ఎవరో దీనికి మొక్కుకున్నారు. చక్కగా, భక్తిగా, సరిగ్గా ముఖం మీదే. ఆవిడకు అదే చెప్పాను.

"కండువానా? పొడిగా ఉంటే పర్లేదు గానీ తడిస్తే దాన్లోంచి సిగ్నలేం పోతుంది! విప్పెయ్!"

"నేను విప్పను."

"ఏంటీ?"

"ఒకరు మొక్కి కట్టిన పట్టు ఇంకొకరు విప్పకూడదక్కా. నీకు తెలీదా?"

ఆవిడకు తెలుసు. అందుకే తిట్టలేదు. నన్సల్మా తిట్టలేదంటే ఎంత భయపడిందో నాకర్థమైంది. "అయితే కట్టినవాణ్ణే అడుగుదాం" అని వ్యాఖ్యాత దగ్గర మైకు లాక్కుని ఫోను దానికి ఆనించింది. నా రొప్పు మైదానమంతా మోగింది.

"అయ్యా," అన్నాను, "టవరు డిష్‌కు నీలిపట్టు ఎవరు కట్టారో గానీ, దయచేసి చెప్పండి. ముడి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. గుర్రాన్ని గుంజకు కట్టే ముడి. ఎడమచేతివాటం వాళ్ళు వేసింది."

మా మండలంలో ఎడమచేత్తో గుర్రాన్ని కట్టేది ఒక్కరే. జనమంతా ఒకేవైపు తిరిగారని తర్వాత చెప్పారు. జమ్యాన్ తాత తేలు కుట్టిన దొంగలా టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడట. దూరంగా దుమ్ము లేచింది. గుర్రాలు వచ్చేస్తున్నాయి.

"నేనే," అన్నాడు.

"గట్టిగా, తాతా! పైకి వినబడాలి!" అంది నన్సల్మా.

"నేనేనే! నిన్న సాయంత్రం కట్టాను. లైను తెగకూడదని మొక్కుకున్నాను. మా ముసల్ది పందెం చూడాలి కదా!"

నవ్వు కొండదాకా వినబడింది, ఫోనుతో పనిలేకుండా. వానను రానివ్వదన్న టవరుకు ఆయనే పట్టు కట్టాడు, దాని మీద వానే పడింది! నేను టవరు కాలు పట్టుకుని కూర్చుని, కన్నీళ్ళొచ్చేలా నవ్వాను.

"ఇకిలించింది చాల్లే డాక్టరూ," అని మైకులో తాత గర్జించాడు. "విప్పు. నా మాటగా విప్పు. నేల తాకనియ్యకు. తీసి దాని కాలికి కట్టు."

పళ్ళతో విప్పాను. ఆ ముడి అలాంటిది. కండువా నేలకు తగలకుండా మెడలో వేసుకుని, టవరు కాలికి గట్టిగా కట్టాను. "పచ్చ! పచ్చ! ఇంకోటి పచ్చ!" అని నన్సల్మా చిన్నపిల్లలా అరుస్తోంది. కానీ అప్పటికే ముందున్న గుర్రాలు గమ్యం దాటేశాయి. గెలిచినవాటి చెమట తుడుస్తున్నారు, పాలు పోస్తున్నారు. లోయలో ఒక్కరూ అది చూడలేదు.

ఎర్రపిల్ల వాటిలో లేదు. అసలెక్కడా లేదు. జనం చెల్లాచెదురవుతుండగా, మైదానం చివర ఒక్క గుర్రం కనబడింది. దారిలో ఏ గడ్డి నచ్చిందో ఏమో, తీరిగ్గా వస్తోంది. అనుజిన్ మాత్రం గెలుస్తున్నట్టే కేకలు వేస్తోంది, జుట్టు జెండాలా ఎగురుతోంది. నన్సల్మా కర్ర మీది ఫోను అటు తిప్పింది. లోయలో ప్రతి గుడారంలోనూ, కొండ మీద నా ఫోనులోనూ ఆ ఒక్క గుర్రమే.

రెండేళ్ళ గుర్రాల్లో ఆఖరున వచ్చినదానికి మేం స్తుతి పాడతాం. దాన్ని "నిండుపొట్ట" అంటాం. మా ఊరి స్తుతిగాయకుడు పిల్జీ గొంతెత్తాడు:

"తప్పు నీది కాదే తల్లీ,
దారి పొడుగు, గడ్డి తీపి,
నీ పొట్ట నిండు, నీ రోజు ముందు,
వచ్చే ఏడు దుమ్ము నీది, వెనకుండేది వాళ్ళు!"

జనం "వచ్చే ఏడు!" అని హోరెత్తారు. ఆ హోరులోనే నన్సల్మా చేతిలోని ఫోను మోగి, ఖందమ్మ గొంతు మైకులో పడింది: "చూశానే! దాని జుట్టు చూశాను! ఏమండీ, వింటున్నారా? మనదొక్కటే చూపించారండీ, ఇంకెవరిదీ లేదు! మనదే గెలిచిందా?"

జమ్యాన్ తాత మైకు దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ," అన్నాడు చివరికి. ఆయన్ని కాదనేవాడు ఆ మైదానంలో లేడు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. నన్సల్మా లేచి నిలబడింది. "మాటిచ్చాను. ముందొచ్చిన గుర్రాలు చూపించలేకపోయాను. విప్పేస్తాను" అంది. అంతకుముందెప్పుడూ అంత మెల్లగా మాట్లాడగా నేను వినలేదు.

"ఎట్టా విప్పుతావ్?" అన్నాడు జమ్యాన్ తాత.

"రెంచితో, తాతా."

"దాని కాలికి నా మొక్కు కట్టుంది. టవరు పడితే పట్టు నేల తాకుద్ది. మొక్కిన పట్టు నేల తాకొచ్చా? చెప్పండయ్యా పెద్దలు, తాకొచ్చా?"

తాకకూడదు. అది అందరికీ తెలుసు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గడ్డాలు నిమురుకుని, తాకకూడదన్నారు. సభ అయిపోయింది. నన్సల్మా నవ్వుతూ ఏడుస్తూ నా వీపు మీద ఒక్కటిచ్చింది, ఇప్పటికీ నొప్పి.

బయటికొచ్చాక తాత కోటు రొమ్ములోంచి ఇంకో నీలిపట్టు తీశాడు.

"ఇది మా ఖందమ్మది. ఎక్కి కట్టు డాక్టరూ. కాలికే సుమా."