పన్నెండు మాటలు

మార్టూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమెకు కళ్లు వాచిపోయి తెరుచుకోవడం లేదు. చీర నిండా కారం. ఆ ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. నా నీళ్ల సీసా ఇచ్చాను. ఆమె కళ్లు కడుక్కుంటూ ఉండగానే బస్సుకు అడ్డంగా ఒక బైకు వచ్చి ఆగింది. దాని మీద వచ్చినవాడు లోపలికెక్కి ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చాడు.

"ఆ మాటలు చెప్పవే! అదంతా మా అన్న సొమ్ము!"

చెంప మీద కొడితే ఆమె తల సీటు కడ్డీకి తగిలింది. ఆమె వాడి చెయ్యి కొరికి పట్టుకుంది. వాడు అరిచినా వదల్లేదు. కండక్టరు, ఇద్దరు ప్రయాణికులు కలిసి వాణ్ని కిందికి తోసేశారు. బస్సు కదిలింది.

వాడు తన మరిది అని చెప్పింది. ఆమె భర్త గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తూ, మిగిలిన జీతమంతా పెట్టి ఫోన్‌లో క్రిప్టో కాయిన్లు కొనేవాడు. పనిలో పెద్ద రాయి మీదపడి చనిపోయాడు. ఆ కాయిన్లు తెరవాలంటే పన్నెండు ఇంగ్లీషు మాటలు వరసగా కొట్టాలి. తనకు తెలియవన్నా నమ్మక, వాటి కోసమే మరిది ఆమె కళ్లలో కారం కొట్టాడు.

"నిజంగా నీకు ఆ మాటలు తెలియవా?" అన్నాను.

"తెలుసక్కా. నేను వంట చేస్తుంటే ఆయన రోజూ పద్యంలా అప్పజెప్పించుకునేవాడు. మా పాప పెద్దయ్యేసరికి ఆ కాయిన్లకు విలువ ఉంటుందా?"

"ఎవరూ చెప్పలేరమ్మా."

"లేకపోతే పోనీ అక్కా. వాడికి మాత్రం దక్కనివ్వను," అని కిటికీలోంచి నెత్తురు ఉమ్మింది.

నా దగ్గర ఒక్క కాయినూ లేదు. అయినా వాటి రేటు పడిపోయిందని వింటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.