వేడి చేసిందని చెప్పాను

మా నర్మెట్టలో గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయ్ పోయాడనే అంటారు. నేను పోయింది దుబాయ్ కాదు. అయినా ఎవరికీ సరిచేసి చెప్పలేదు. దుబాయ్ అంటేనే నలుగురు కూర్చొని వింటారు, వినేవాళ్లుంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. అక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ని. ఒకరోజు పైనున్న మూత బిగించడానికి ఎక్కి, తడి నిచ్చెన మీద కాలు జారి పడ్డాను. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, పక్క బండిలో నిలబడ్డ ఒంటె నన్ను చూసి కన్ను కొట్టిందని, నవ్వు ఆపుకోలేక పడిపోయానని చెప్పాను.

ఇప్పుడు రాస్తున్నదాంట్లో ఇక ఒంటెలు లేవు.

జనగామ దవాఖానలో ఒక మనిషి మంచమెక్కితే మంచం చుట్టూ సగం ఊరు దిగుతుంది. మంచం కింద చాప, చాప మీద పెళ్లాం, పక్కన టిఫిన్ గిన్నె, కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాలు. డాక్టరు వస్తే రోగి తప్ప అందరూ లేచి నిలబడి రోగం గురించి చెబుతారు. నేను పడుకున్న గల్ఫ్ దవాఖానలో మంచం కింద ఏమీ లేదు. ముఖం చూసుకోదగ్గంత నున్నటి నేల ఉంది, అంతే. చూడటానికి ఎవరైనా రావాలంటే శుక్రవారం సాయంత్రం రెండు గంటలసేపే. మిగతా వారమంతా నువ్వూ, నీ చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీది నంబరూ.

నా ఒళ్లు తుడిచింది కేరళ నర్సు. మొదటిరోజు సిగ్గుతో కళ్లు గట్టిగా మూసుకున్నాను, నేను మూస్తే ఆమెకు కనబడనన్నట్టు. ఆమె తన పని తాను చేసుకుపోయింది. నా నడుము కింద చేయి పెట్టి, అలవాటుగా, పసిపిల్లవాణ్ని తిప్పినట్టు తిప్పింది. ఎవరికీ ఏమీ కాని మనుషులు అంత శ్రద్ధగా చూసుకుంటుంటే మొదట ఊరటగా ఉంటుంది. నాలుగో రోజుకు భయం మొదలవుతుంది. ఇక్కడ చచ్చిపోయినా ఇంతే శ్రద్ధగా తుడిచి గుడ్డ కప్పుతారని తెలుస్తుంది.

రెండో వారంలో పక్క మంచం మీదికి ఒకతన్ని తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. ముఖం ఉబ్బి కళ్లు గీతల్లా ఉన్నాయి. కాళ్లు కూడా పొంగి ఉన్నాయి. నేను అలవాటుగా నొప్పికి "అవ్వా" అని మూలిగితే అతను తల తిప్పాడు.

"అన్నా, మనోళ్లేనా?"

"నర్మెట్ట."

"అయ్యో! మాది టేకుమట్లనే. మా మేనత్తను జనగామ దిక్కే ఇచ్చిన్రు."

ఆ ఒక్క మాటతో మాకు చుట్టరికం కలిసిపోయింది. తాపీ పని చేసేవాడు. వచ్చి ఏడాదిన్నర దాటినా పని చేసే జట్టంతా మనవాళ్లే కావడంతో హిందీ కూడా రాలేదు. ఇల్లు వదిలేనాటికి భార్యకు అయిదో నెల. పుట్టిన పిల్లను ఫోన్లో తప్ప చూడలేదు. ఆ పిల్ల తండ్రి గొంతు వినగానే ఫోన్ లాక్కొని వెనక్కి తిప్పి, అటువైపు నాయిన ఉన్నాడేమోనని వెతికేదట. అది చెప్పి నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది.

అతని కోసమని నా దుకాణం తెరిచాను. భూపాలపల్లిలో బొగ్గు గనుల మీద మేసే బర్రెలు నల్లటి పాలిస్తాయని, తోడేస్తేనే తెల్లబడతాయని చెప్పాను. అది వాళ్ల జిల్లానే అని కూడా చూడలేదు. దంతాలపల్లిలో మా మేనమామ మిరప కల్లంలో తుమ్మితే, గార్డు విజిల్ అనుకొని మానుకోట స్టేషన్లో రైలు కదిలిపోయిందని చెప్పాను.

"నీ అబద్ధాలకు కాళ్లు రాకుండ దేవుడు నీ కాలే ఇరగ్గొట్టిండే అన్నా," అనేవాడు. మళ్లీ తనే, "ఇంకోటి చెప్పు," అనేవాడు.

ఒక సోమవారం పొద్దున డాక్టరు అతని మంచం దగ్గర ఆగాడు. ఈజిప్టు మనిషి, నెమ్మదస్తుడు. ఫోన్లో తెలుగు తెలిసిన దుబాసీ కోసం ప్రయత్నించారట, దొరకలేదు. నర్సు నా వైపు చూసింది. డాక్టరు ఇంగ్లీషులో నర్సుకు, నర్సు హిందీలో నాకు, నేను తెలుగులో అతనికి చెప్పాలి.

డాక్టరు చెప్పింది ఇది. కిడ్నీలు రెండూ పోయినట్టే. మిషన్ మీద రక్తం కడగడం ఇక ఆగదు, వారానికి మూడుసార్లు, బతికినన్నాళ్లు. ఇప్పటికి కడిగినదానితో నిలకడగా ఉన్నాడు కాబట్టి ఈ వారంలో అయితే విమానంలో కూర్చొని ఇంటికి పోగలడు. కంపెనీ టికెట్ ఇస్తానంది. ఒంట్లో మళ్లీ నీరు చేరితే ప్రయాణానికి తాను సంతకం పెట్టలేడు. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్లు తాగొద్దు. పోతాడా, ఉంటాడా, అతన్నే అడిగి చెప్పమన్నాడు.

మా వైపు డాక్టరు ఇలాంటి మాట రోగి ముఖం మీద చెప్పడు. కళ్లతో సైగ చేసి ఇంటి పెద్దమనిషిని వరండాలోకి పిలుస్తాడు. ఆ పెద్దమనిషి వరండాలో ఏడ్చి, నల్లా కింద ముఖం కడుక్కొని లోపలికి వచ్చి, "ఏం లేదంట, బలానికి సూదులు రాసిండు," అంటాడు. మా బాపుకు నేను అట్లాగే చెప్పాను. ఆయన నమ్మినట్టు ఉన్నాడు, నమ్మాడో లేదో తెలియదు. రోగికి నిజం చెప్పడమంటే సగం ప్రాణం ముందే తీయడమని మా అందరి నమ్మకం. ఆ వార్డులో పిలవడానికి వరండా లేదు, పెద్దమనిషి లేడు. ఆ పెద్దమనిషిని నేనే అనుకున్నాను.

"ఏమంటుండన్నా?" అన్నాడు.

"ఏం లేదు తమ్మీ. ఎండల పని గద, ఒంట్ల బాగ వేడి చేసిందట. గా వేడి కిడ్నీలకు తగిలింది."

"మరి గా మిషన్ ఎందుకు?"

"అది వేడి గుంజే మిషన్. నీళ్లు మాత్రం జర తగ్గియ్యాల్నట, మందు పలచబడతదని."

వేడి గుంజే మిషన్ అన్న మాట నాకే ఎంతో నచ్చింది. ఆ క్షణంలో కాస్త గర్వపడ్డాను కూడా. దాచడమెందుకు?

"ఇంటికి పొమ్మంటుండా, ఉండుమంటుండా?"

"నీ ఇష్టమంటుండు."

అతను పైకప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. "వేడే గదనే. పది దినాలల్ల తగ్గుతది. ఇప్పుడు పోతే మళ్ల రానియ్యరు. సెలవు దొరికినంక పిల్లకు బొమ్మలు కొనుక్కొని మంచిగ పోత." నర్సు అడిగితే ఉంటానంటున్నాడని చెప్పాను. ఆమె నా ముఖం వైపు ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. తర్వాత కాగితం మీద రాసుకుంది.

మర్నాడు అతని భార్య ఫోన్ చేసి నాకు ఇవ్వమంది. "అన్నా, ఆయన చెప్పేది నేను నమ్మ. డాక్టరు ఏమన్నడో నువ్వు చెప్పు. నాకు దాయకు."

మా పద్ధతి ప్రకారమైనా అదే వరండా. ఆమెకు చెప్పాల్సింది. కానీ ఫోన్ అతనిదే, అతను పక్క మంచం మీద పడుకొని నన్నే చూస్తూ, చెప్పు చెప్పు అన్నట్టు తలాడిస్తున్నాడు. "వేడి చేసింది చెల్లె, పరేషాన్ గాకు," అన్నాను. ఆమె గొంతు తేలికపడింది. ఆ తేలికపడటం వినడానికి బాగుంది.

శుక్రవారం అతని జట్టువాళ్లు ఇద్దరు వచ్చారు. వేడి చేసిందని అతనే చెప్పి ఉంటాడు. మనవాళ్లు వేడికి ఏం తెస్తారో అదే తెచ్చారు, బట్టల సంచిలో దాచి నాలుగు కొబ్బరి బోండాలు, మజ్జిగ డబ్బాలు. నర్సు అటు చివర మందుల బండి దగ్గర ఉంది. అతను మొదటి బోండం నోటి దగ్గరికి ఎత్తాడు.

"తమ్మీ, తాగకు."

"ఎందుకే? వేడన్నది నువ్వే గద."

"నేను అబద్ధం చెప్పిన. అది వేడి గాదు. కిడ్నీలు రెండు పోయినయట. నీళ్లు తాగితే ఒంట్లనే ఉంటయి. నువ్వు ఈ వారమే ఇంటికి పోవాలన్నడు డాక్టరు. ఒట్టు."

ఒక క్షణం ముగ్గురూ నన్ను చూశారు. తర్వాత అతను పడీపడీ నవ్వాడు. "గిది మీ మామ తుమ్ముడు కంటే పెద్దది," అన్నాడు. జట్టువాళ్లతో, "చెప్పిన గద, గీ అన్న ముఖం చూస్తే నిజమే అనిపిస్తది," అన్నాడు. వాళ్లూ నవ్వారు. నేను మళ్లీ ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టినకొద్దీ నవ్వు పెరిగింది. చివరికి నేను చేయి జాపి బోండం లాగబోతే, పిచ్చి చేష్టలు మానమని సంచి అవతలికి జరిపారు.

నా తలవైపు బెల్లు ఉంది. నొక్కితే నర్సు వచ్చేది. నొక్కితే సోమవారం నేనేం చెప్పానో కూడా బయటపడేది. నా చేయి బెల్లు మీదే ఉంది. నేను నొక్కలేదు. కాలు విరిగి కదలలేక ఆపలేకపోయానని తర్వాత చాలామందికి చెప్పాను. బెల్లు నొక్కడానికి కాలు అక్కర్లేదు.

శనివారం పొద్దుటికి అతనికి ఊపిరి అందలేదు. నీళ్లలో మునిగినవాడిలా నోరు తెరిచి గాలి తాగుతున్నాడు. నలుగురు నర్సులు పరుగున వచ్చి మంచంతో సహా తీసుకుపోయారు. డాక్టరు వచ్చి ఖాళీ చోటు చూసి, నావైపు తిరిగి నర్సుతో ఏదో అడిగించాడు. నీళ్ల సంగతి అతనికి చెప్పావా అని. చెప్పానన్నాను. అదీ సగం నిజమే.

అతను ఆ వార్డుకు తిరిగి రాలేదు. మిషన్ల గదిలో పదిహేను రోజులున్నాడు. ఒకసారి నర్సు నన్ను చక్రాల కుర్చీలో తీసుకుపోయి అద్దం బయటి నుంచి చూపించింది. నోట్లో గొట్టం. చేయి ఎత్తాను. అతను నన్ను చూసింది లేనిది తెలియలేదు. అతను చనిపోయిన రోజు ఆ నర్సే వచ్చి నా మంచం దగ్గర కాసేపు నిలబడింది. దుప్పటి సరిచేసి వెళ్లింది.

కాలు అతికాక ఇంటికి వచ్చేశాను. కొన్ని నెలలు ఆగి టేకుమట్ల పోయాను. ఎందుకు పోయానంటే, అతని భార్య రెండుసార్లు కబురు పంపింది. ఆఖరి రోజుల్లో పక్కనున్న మనిషి నోటి నుంచి వినాలని. బస్సులో పోతున్నంతసేపూ ఆమెకు చెప్పడానికి మంచి మాటలు తయారుచేసుకున్నాను. నిన్నే తలచుకున్నాడు, పిల్ల పేరు పలికాడు, బాధ పడలేదు. అలాంటివి నేను నిద్రలో కూడా అల్లగలను.

ఆమె అరుగు మీద కూర్చొని చాట ముందు పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పిల్ల లోపల నిద్రపోతోంది. నీళ్లిచ్చింది. నేను తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. సోమవారం డాక్టరు చెప్పింది, నేను చెప్పింది, బోండాలు, బెల్లు, అన్నీ వరుసగా చెప్పేశాను. ఆమె చేయి చాటలోనే ఆగిపోయింది.

తిడుతుందనుకున్నాను. వాళ్ల అన్నదమ్ములను పిలుస్తుందేమో అని కూడా అనుకున్నాను.

"సోమారం నాడా డాక్టరు పొమ్మన్నది?" అంది.

"సోమారమే చెల్లె."

"నేను ఫోన్ జేసింది మంగళారం."

"అవు."

ఆమె బొటనవేలితో వేళ్ల కణుపులు ముట్టుకుంటూ లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. రెండో చేతికి వచ్చింది. ఎక్కడో తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఆయన పోయేదాక పందొమ్మిది దినాలు," అంది. "ఆయనకు చెప్పకపోతే చెప్పకపోతివి. నాకన్న చెప్తే, ఏడ్సి మొత్తుకొని రప్పించుకుందును గదనే. పందొమ్మిది దినాలు నా దగ్గర ఉండేటోడు. పిల్లనెత్తుకొని ఉండేటోడు."

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కొని, బియ్యంలో వేళ్లు పెట్టి, రాయి కోసం వెతకడం మొదలుపెట్టింది.