మా పెదనాన్న కాణీకి నేను పెట్టిన మెరుగు

ఇరవై ఏళ్లు నిండిన ఆ రోజుల్లో నాకు తెలియని విద్యంటూ లేదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు తెలిసినవేవో చెప్పమంటే ఒక చేతి వేళ్లు కూడా మిగిలిపోతాయి.) డిగ్రీ అయ్యీ అవగానే పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్లు పప్పు ఏరే విభాగానికి నన్ను సూపర్‌వైజరుని చేశారు. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఇంకో పక్క. పొట్టంతా పోయి తెల్లగా నిగనిగలాడేది మొదటి రకం. పొట్టు అంటుకున్నదీ, మాడినదీ అడుగు రకం. ఆరు నెలలు తిరిగేసరికి బియ్యం, చీరలు, పెళ్లికొడుకులు, దేన్ని చూసినా ముందు రంగుకే మార్కులు వేసేదాన్ని.

టెక్కలిలో మా పెదనాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు పాత నాణేల పిచ్చి. భావనపాడు నుంచి కంచిలి దాకా బస్సులెక్కి తిరిగి కూడబెట్టినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఆయన ప్రాణమంతా మాత్రం దొరల కాలం నాటి ఒక రాగి కాణీ మీదే. విశాఖపట్నంలో నాణేల ప్రదర్శన పెడుతున్నారనీ, నిపుణుడు చూసి మెచ్చినవాటిని అద్దాల పెట్టెలో ఉంచుతారనీ ఎవరో ఫోనులో పంపిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు. "జల్మలో ఒక్కసారి నా కాణీ అద్దాల పెట్టెలో కూకుంటే సాలే బొట్టీ," అనేవాడు నాతో. (బొట్టి అంటే మావైపు ఆడపిల్ల.) చూపు మందగించడంతో బాగున్నవీ, అరిగినవీ వేరు చేసే పని నాకు అప్పజెప్పాడు. "అచ్చరాలు అరిగాయా నేదా సూడు. అంచు పట్టుకోవాల, మొకం ముట్టుకోకు. గ్రేడింగు నీకు కొత్తేటి?"

కాణీ మీద అక్షరాలు చక్కగా ఉన్నాయి, ఎక్కడా అరుగుదల లేదు. మొహం మాత్రం చాక్లెట్టు రంగు! మా ఫ్యాక్టరీలో అయితే తిన్నగా అడుగు రకం బుట్టలోకి పోయేది. అయ్యో, ఇంత ఆశ పెట్టుకున్న మనిషి ఈ పొట్టుతో ఎలా వెళ్తాడు? వెంటనే చింతపండు, నీళ్లపొయ్యిలో బూడిద, గుప్పెడు కొబ్బరి పీచు తెచ్చుకుని పావుగంట తోమాను. తళతళలాడిపోయింది. "ఆ సేత్తోనే నా ఇత్తడి బిందిలు కూడా తోమీయే," అని పెద్దమ్మ మెచ్చుకుంది. (ఇంతకంటే పెద్ద నిపుణుల ఆమోదం ఏం కావాలి?) పెదనాన్న అక్కడికెళ్లాకే చూసి మురిసిపోవాలని, చెప్పకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టేశాను.

నన్నూ వెంటబెట్టుకుని విశాఖ వెళ్లాడు పెదనాన్న. అక్కడ ఆ నిపుణుడు కాణీని అంచు పట్టుకుని తీసి, భూతద్దం పెట్టి చూసి, దగ్గర బంధువు పోయిన కబురు చెప్పేవాడిలా నెమ్మదిగా అన్నాడు. "మాస్టారూ, అక్షరాలు చూస్తే మొదటి తరగతి నాణెం. కానీ ఎవరో దీన్ని తోమేశారు. ఇన్నేళ్లుగా పట్టిన ఆ ముదురు రంగే దీని చర్మం. అది ఊడిపోయాక దీనికి మేము ఏ తరగతీ ఇవ్వలేమండి."

పెదనాన్న డబ్బాకి మూత పెట్టేశాడు. నావైపు ఒక్కసారి చూసి, "నేనే తోమానండి," అన్నాడు. "లెక్కల మాస్టర్ని, నాకివన్నీ ఏటి తెలుసు!" అబద్ధమాడిన పిల్లల్ని సర్వీసంతా బెంచీ ఎక్కించిన మనిషి! ఇక నావల్ల కాలేదు. "కాదండీ, నేనే! చింతపండేసి తోమాను! మా జీడిపప్పుకి పొట్టుంటే ఎవరూ కొనరండీ!" అని బావురుమన్నాను.

ఆ నిపుణుడు కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. తర్వాత, "మాస్టారూ, దీన్ని రెండు రోజులు మాకిస్తారా?" అని అడిగి, గుమ్మానికెదురుగా ఒక అద్దాల పెట్టెలో పెట్టించాడు. పక్కన ఒక అట్ట: 'దయచేసి నాణేలను ఇలా తోమకండి.'

లోపల బంగారు నాణేలు ఎన్నున్నా జనమంతా మా కాణీ దగ్గరే. పెదనాన్న ఆ రెండు రోజులూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ పెట్టె పక్కనుంచి కదల్లేదు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపి, "కాణీ నాదండి. తోమింది మా బొట్టి. సూడండి, ఎక్కడా ఒక్క మచ్చ ఉంచినాదేటో!" అని గర్వంగా చెప్పాడు. నేను సిగ్గుతో చచ్చి స్తంభం చాటున దాక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇరవై ఏళ్ల పిల్లను చెవి మెలేసి లాక్కెళ్లి ఆయన పక్కన నిలబెట్టాలని కూడా అనిపిస్తుంది.