శుక్రవారం నాటి నిప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది కాదంటే మా మనవరాళ్లు నవ్వుతారు. చిలుకూరు దగ్గర మా ఊళ్లో దాన్ని కొనేవాళ్లే తక్కువ. రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి ఉంచేవాళ్లు. పొద్దున కెలికితే ఎర్రటి నిప్పు దొరికేది. ఆరిపోతే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి వెళ్లడమే. మా నాయనమ్మ పొయ్యి మాత్రం ఎన్నడూ ఆరదని వాడలో పేరు. ఆ పేరంటే ఆమెకు కొంచెం గర్వం, దాన్ని దాచుకునేది కూడా కాదు.

గోడ అవతలి ఇల్లు మా చిన్నవ్వది. చిన్నవ్వంటే తాతయ్య తమ్ముడి భార్య, నాయనమ్మకు తోడికోడలు. లోకం తెలియని వయసులో కాపురానికి వస్తే నాయనమ్మే తల దువ్వి, అన్నం కలిపిపెట్టి పెంచిందట. నాకు చిన్నవ్వంటే ప్రాణం. మధ్యాహ్నాలు ఆమె ఒళ్లో పడుకుంటే పల్లికాయలు వలిచి నా నోట్లో వేసేది. ఆ చేతులు ఎప్పుడూ పొగ వాసన వేసేవి. ఇప్పటికీ ఎక్కడైనా పిడకల పొగ తగిలితే నాకు ఆ ఒడి కావాలనిపిస్తుంది.

తర్వాత ఆ చెడ్డరోజులు వచ్చాయి. నాయన దొరలకు ఎదురుతిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని తుపాకులవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన దొడ్లో చొప్పవామి వెనక దాక్కున్నాడని మా ఇంటివాళ్లకూ చిన్నవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లు చిన్నవ్వ ఒక్కగానొక్క కొడుకు మెడ మీద తుపాకి పెట్టారు. ఆమె నోరు తెరవలేదు గానీ చెయ్యి వామి వైపు చూపించింది. నాయనను కొట్టి ఈడ్చుకుపోయారు. రాజ్యం మారాక జైలు నుంచి తిరిగొచ్చాడు. కుడికాలు మాత్రం మళ్లీ మడత పడలేదు.

మా ఇంట్లో ఎవరూ చిన్నవ్వను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. అమ్మ ఆమె పేరెత్తడమే మానేసింది. చిన్నవ్వ ఎవరూ లేని వేళ చూసుకుని బావికి వెళ్లేది. అన్నం ముట్టడం లేదని, ఇట్లా అయితే వానాకాలం దాటదని వాడలో అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడగానే నాయనమ్మ లేచి లోపలికి వెళ్లిపోయేది. నేను గోడకు చెవి ఆనించి, చిన్నవ్వ జొన్నలు చెరిగే చప్పుడు వినిపిస్తుందేమోనని కాచుకునేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ బూడిద తీసి, నిప్పుల మీద చెంబుడు నీళ్లు పోస్తున్నది. నేను పరుగున దగ్గరికి వెళ్లాను. ఆమె నావైపు చూసి ఊరుకోమన్నట్టు తలూపి, పిడక ముక్క తీసుకుని చిన్నవ్వ ఇంటికి నడిచింది. నేను కొంగు పట్టుకుని వెంటపడ్డాను. శుక్రవారం ఇంటి నిప్పు పరాయివాళ్లకు ఇస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా వైపు నమ్మకం. ఎంత కావలసినవాళ్లొచ్చి అడిగినా ఆరోజు ఇవ్వరు. చిన్నపిల్లనైన నాకే తెలిసిన సంగతి నాయనమ్మకు తెలియదా?

తలుపు తీసిన చిన్నవ్వ మమ్మల్ని చూసి గోడకు ఆనుకుపోయింది. ఎముకల గూడులా ఉంది. పొయ్యి ఆరింది, జర అగ్గి పెట్టమని నాయనమ్మ మామూలుగా అడిగింది. చిన్నవ్వ తలెత్తలేదు.

"ఇయ్యాల శుక్రారం అక్కా," అన్నది.

"శుక్రారం బయటోళ్లకు ఇయ్యరు. నేను బయటిదాన్నా?"

చిన్నవ్వ పొయ్యి దగ్గర కూలబడి, పిడక మీద నిప్పు పెట్టి ఊదింది. బూడిద ఎగిరి కళ్లలో పడుతున్నా ఊదుతూనే ఉంది. పిడక బాగా రాజుకున్నాక తలెత్తి అందించి, అప్పుడు భోరుమన్నది. నాయనమ్మ ఒక చేత్తో పిడక పట్టుకుని, రెండో చేత్తో ఆమె జుట్టు సవరిస్తూ, దువ్వెన పెట్టక ఎన్నాళ్లయిందని తిట్టింది.

తిరిగొస్తూ, మన నిప్పు ఎందుకు ఆర్పావని అడిగాను.

"మాఫ్ జేసిన్నని పోతే దాని తల ఇంకింత వంగుతుండె బిడ్డా. నేనే అడుగపోయిన, గందుకే తలెత్తింది."

అమ్మ ఆ నిప్పుతోనే వంట చేసింది గానీ చిన్నవ్వతో మాట్లాడటానికి ఇంకో ఏడాది పట్టింది. అమ్మను తప్పుపట్టలేను. నాయన మాత్రం ఆ సాయంత్రమే కుంటుకుంటూ వెళ్లి అరుగు మీద కూర్చుని, "చిన్నమ్మా, దూపైతుంది" అని మంచినీళ్లు అడిగాడు. చిన్నవ్వ మళ్లీ అన్నం తిన్నది, నాకు మళ్లీ ఆ ఒడి దొరికింది.

ఆనాటి నుంచి నాయనమ్మ బూడిద కింద నిప్పు దాచడం మానేసింది. ముసలిదాని పొయ్యి రోజూ ఆరిపోతున్నదని వాడలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ అన్నట్టు రోజూ పొద్దున్నే పిడక పట్టుకుని గోడ అవతలికి వెళ్లేది. ఎన్నో ఏళ్లకు చిన్నవ్వ పోయింది. ఆ సాయంత్రం నాయనమ్మ మళ్లీ నిప్పుల మీద బూడిద కప్పుతూ, ఇక రేపు ఎవరినడగాలని గొణుక్కున్నది.

ఇద్దరూ లేరిప్పుడు. మొన్న మా తోడికోడలు ఏదో మాట పట్టింపుతో నాతో మాట్లాడటం మానేసింది. మర్నాడు మధ్యాహ్నం తోడు పెరుగు కోసమని చిన్న గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాను. వచ్చేముందు మా ఇంట్లో ఉన్న పెరుగంతా పనమ్మాయికి ఇచ్చేశాను.