తీసినంక అడగాలె

జగిత్యాలలో మా వీధి చివర ఒకాయన సాయంత్రాలు నూడుల్స్ బండి పెడతాడు. వేడి పెనం మీద ఆయన వెనిగర్ చల్లగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగులుతుంది. అంతే, నేను కోరుట్లలో ఒక ఇరుకు చీకటి గదిలో నిలబడి ఉంటాను. ఫొటో కాగితాన్ని ముంచే మందుల్లో ఒకటి అచ్చం ఇదే వాసన వేసేది. ఎర్రబల్బు వెలుతురులో రాజేశం సారు ట్రేను మెల్లగా ఊపుతూ, "ఆగు బిడ్డా, అస్తది. బొమ్మను తొందర పెట్టద్దు" అంటుండేవారు.

సారుది సిరిసిల్లలో నేతపనివాళ్ల ఇల్లు. మగ్గం వదిలి కోరుట్లలో స్టూడియో పెట్టారు. పెళ్లి ఫొటోలన్నీ డిజిటల్‌కు మారాక కూడా తన కోసం ఒక పాత కెమెరా, నలుపు తెలుపు ఫిల్ములు ఉంచుకున్నారు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లి, రోజంతా బజార్లలో తిరుగుతూ, కనబడిన మనుషులను కనబడినట్టే తీసేవారు. నేను కథలాపూర్ నుంచి రోజూ వచ్చి ఆయన దగ్గర కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బంలు చేసేదాన్ని. ఆ నలుపు తెలుపు బొమ్మల దగ్గర నేను ఆగిపోవడం గమనించి, ఒకరోజు తన రెండో కెమెరా నా చేతికిచ్చారు. అప్పటిదాకా ఆయన వెళ్లేది ఆదివారాలు. "ఆదివారం నీకు చర్చి ఉంటది గద. ఇగ సోమవారం పోదాం" అన్నారు. మా ప్రార్థనల గురించి ఏమీ తెలియని మనిషి నా ఆరాధన దినాన్ని అలా కాపాడాడు. అందుకు నేను దేవుణ్ణి స్తుతించాను.

కోఠిలో మొదటి రోజు. దువ్వెనలమ్మే ఒక పెద్దామె పక్కామెతో ఏదో చెప్పి పగలబడి నవ్వింది. సారు కెమెరా ఎప్పుడెత్తారో నేను చూడలేదు. నొక్కిన తర్వాత మాత్రం నేరుగా ఆమె ముందుకెళ్లి కూర్చున్నారు. "అమ్మా, నువ్వు నవ్వుతాంటే ఫొటో తీసిన."

"నన్నా? నేనేమన్న పెండ్లిపిల్లనా? నోట్ల రెండు పండ్లు లేవు!"

"గందుకే మంచిగ అచ్చింది."

ఆమె మళ్లీ నవ్వింది గానీ తల అడ్డంగా ఊపింది. "వద్దు నాయినా, తీసెయ్యి." సారు బతిమాలలేదు. జేబులోని చిన్న పుస్తకంలో ఆ ఫొటో నంబరు రాసి గీత కొట్టారు. కోరుట్లకు వచ్చి ఫిల్ము కడిగాక ఆ ముక్కను కత్తిరించి పారేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఎంత మంచి ఫొటో సారూ!" అన్నాను. "ముందుగాల అడిగితే నవ్వు పోతది. గందుకే తీసినంక అడగాలె. వద్దంటే ఇగ అది మనది కాదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నా మీదికి వచ్చేదాకా బరువుగా అనిపించలేదు.

మూడో నెలలో సికింద్రాబాద్ స్టేషన్ బయట, రోడ్డుకు ఈవల నుంచి, ముఖం సరిగా ఆనకపోయినా, వంగి బూట్లు పాలిష్ చేస్తున్న ఒకాయనను తీశాను. బస్సుకు టైమైందని అడగకుండానే పరుగెత్తాను. రెండు రోజుల తర్వాత ట్రేలో ముందు చేతులు తేలాయి, తర్వాత ముఖం. మా దేవయ్య చిన్నాయన! పట్నంలో ఆఫీసులో పని అని ఇంట్లో చెప్పినవాడు. నెలకో ఆదివారం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, చర్చిలో నిలబడి గంభీరంగా బైబిలు లేఖనం చదివేవాడు. ఏ తోలుపనిని వదిలించుకోవడానికి మా తాతలు అంత కష్టపడ్డారో, మళ్లీ దాని దగ్గరే కూర్చున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఆయన కోసం ప్రార్థించాలన్న భారం కలిగింది. ఫొటోను పెద్దది చేసి ఆదివారం సంఘం ముందు పెడతానన్నాను. అందరం కలిసి ప్రార్థిస్తామని చెప్పాను.

"ఆయనను అడిగినవా?" అన్నారు సారు.

"ప్రార్థనకే గద సారూ, చెడ్డకు కాదు."

"మీ దేవునికి ఫొటో సూపెడితేనే తెలుస్తదా బిడ్డా?"

కోపమొచ్చింది. విశ్వాసం లేనివాడు నాకు చెప్పడమేమిటనుకున్నాను. ఆ రాత్రి మోకాళ్ల మీద ఎంత సేపున్నా ప్రార్థన సాగలేదు, సారు అడిగిన మాటే అడ్డొచ్చింది. తెల్లారి సారు దగ్గరికెళ్లి, అడిగి వస్తానన్నాను. ఆయన అప్పుడే స్టూడియో మూసి నాతో బస్సెక్కారు.

స్టేషన్ బయట నన్ను చూసి చిన్నాయన బ్రష్ కింద పెట్టేశాడు. ఫొటో ఇచ్చాను. చేతులు తుడుచుకుని అందుకున్నాడు. "చేతులు మా నాయిన చేతుల లెక్కనే ఉన్నయి" అన్నాడు. తర్వాత, "మంచిగ తీసినవ్ బిడ్డా. కానీ చర్చిల పెట్టకు. పెడితే ఇగ నేను ఆడ నిలవడి చదవలేను. మీ చిన్నమ్మకు నేనే చెప్త, నాకు జర టైమియ్యి."

దూరంగా నిలబడిన సారుకు, వద్దన్నాడని చెప్పాను. కోరుట్లలో కత్తెర నా ముందు పెట్టి బయటికెళ్లారు. నా జీవితంలో అంత మంచి ఫొటో మళ్లీ తీయలేదు. దాని ఫిల్ము ముక్కను నేనే కత్తిరించాను.

ఆ ఆదివారం చిన్నాయన వచ్చాడు. లేచి లేఖనం తెరిచేముందు ఒక్కసారి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన గొంతు వణకలేదు.

సారు ఇప్పుడు లేరు. బుధవారం స్త్రీల ప్రార్థనలో ఎవరి కోసం ప్రార్థించాలో ఒక్కొక్కరూ విన్నపాలు చెప్తుంటే, పేర్లు, ఊళ్లు, ఇళ్లలోని గుట్టు అన్నీ బయటికొస్తుంటాయి. నా వంతు వచ్చినప్పుడు, "ఒక సహోదరుని కోసం" అని మాత్రం అంటాను. ఎవరని పక్కామె మోచేత్తో పొడుస్తుంది. కళ్లు మూసుకుంటాను.