నా మీద చాడీలు చెప్పిన మూత

మొన్న శుక్రవారం ఏమైందో విన్నారా? దుక్కలా ఉన్న నన్ను పట్టుకుని అంబులెన్స్ ఎక్కించబోయారు! నాకేం రోగం లేదు. ఒక మూత నా మీద చాడీలు చెప్పింది, అంతే.

ఈ పరాయి దేశంలో, మా ఎటోబికో ఊళ్ళో ఇప్పుడు మంచు కన్నా మన స్టూడెంట్లే ఎక్కువ. ప్రతి బేస్‌మెంటులో నలుగురు, ప్రతి బస్సులో నాలుగొందల మంది! మా అమ్మాయి లలిత ఇంటి బేస్‌మెంటులో అద్దెకుండే స్రవంతిది కరీంనగర్. రెస్టారెంటులో గిన్నెలు కడిగి కడిగి ఆ పిల్ల వేళ్ళు నానబెట్టిన శనగల్లా అయ్యాయి. చివరికి ఈ మధ్యే వాళ్ళ కాలేజీ మేడం దగ్గర రీసెర్చ్ అసిస్టెంటు పని దొరికింది. పెద్దవాళ్ళు ఇంట్లో మందులు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అన్నది ఆ రీసెర్చ్. ఆ పనంటే దానికి ప్రాణం.

"అమ్మమ్మా, మన తెలుగు పెద్దోళ్ళు ఒక్కరూ చేరుతలేరు. మీరన్నా చేరండి."

"ఒక్కరెందుకే, నేను పదిమంది పెట్టు!" అన్నాను.

తెల్లటి సీసా ఒకటి ఇచ్చింది. దాని మూతలో చిప్పు ఉందట. తీసిన ప్రతిసారీ టైముతో సహా రాసుకుని మేడం కంప్యూటరుకు పంపుతుందట. బీపీ మాత్రలు అందులో పోసుకుని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోవాలట. అరగంట చెప్పింది పాపం. నా కళ్ళు మాత్రం సీసా మీదే. ఏం బిగువు! ఏం అందం! ఇలాంటిది మాత్రల పాలవడమా?

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. డెంటిస్టు వద్దన్నాడని లలిత నా చేత వక్కపొడి మాన్పించింది. అంటే, మాన్పించానని అనుకుంటోంది. వారానికో కొత్త చోటు వెతికి దాచలేక నేను చస్తున్నాను. మాత్రల సీసా అయితే ఎవరు తెరిచి చూస్తారు? అంతే, మాత్రలు పాత కళ్ళజోడు పెట్టెలోకి, వక్కపొడి సీసాలోకి మారాయి. చిప్పు సంగతి మర్చిపోలేదండోయ్. అంత తెలివైన మూతకు మాత్రకీ వక్కపొడికీ తేడా తెలియదా అనుకున్నా!

వారం హాయిగా గడిచింది. కాఫీకి ముందో చిటికెడు, తర్వాతో చిటికెడు. సీరియల్లో అత్త అరిస్తే ఒకటి, కోడలు ఏడిస్తే రెండు.

శుక్రవారం మధ్యాహ్నం స్రవంతి మెట్లు నాలుగేసి చొప్పున ఎక్కి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మమ్మా, నిన్న ఒక్కరోజే ముప్పై ఒక్కసారి సీసా తెరిచిన్రు! ఎన్ని గోలీలు వేసుకున్నరు?"

"రెండే తల్లీ."

"మరి కంప్యూటర్ల ముప్పై ఒకటని ఎందుకొస్తది?"

లలిత ఆఫీస్ మీటింగ్ వదిలేసి బీపీ మిషన్ పట్టుకొచ్చింది. దొరికిపోతానన్న భయానికి నా బీపీ ఎయిర్‌పోర్టులో విమానంలా లేచింది.

"ఎక్కువ మింగితే పడిపోవాలి కదే, పెరుగుతోందేమిటి? ఉల్టా పనిచేస్తున్నట్టుంది. అంబులెన్స్ పిలుస్తున్నా!" అంది లలిత.

ఈలోగా స్రవంతి ఫోన్ మోగింది. మేడం. స్పీకర్లో ఇంగ్లీషులో ఒకటే ప్రశ్న: మాత్రలు ఎలా వేసుకోవాలో ఆవిడకి నువ్వు సరిగ్గా చెప్పావా?

"నేనే సరిగ్గ చెప్పలేదేమో మేడం. సారీ," అంది స్రవంతి. చెయ్యని తప్పు తన నెత్తిన వేసుకుంది. మిగతావన్నీ నేను పెంచి చెప్తానేమో గానీ, ఇది మాత్రం ఉన్నదున్నట్టు. నా వక్కపొడి కోసం ఆ పిల్ల మళ్ళీ గిన్నెల దగ్గరికి పోవాలా?

ఫోన్ లాక్కున్నాను. "మేడం! గర్ల్ గుడ్! బాటిల్ గుడ్! ఓల్డ్ లేడీ బ్యాడ్!" అని సీసా టేబుల్ మీద బోర్లించాను. వక్కపొడి కుప్పగా పడింది.

"అమ్మా!" అని లలిత అరిచిన అరుపు మూడు గంటల దూరంలో ఉన్న సార్నియా దాకా వినపడి ఉంటుంది.

కళ్ళజోడు పెట్టెలో మాత్రలు లెక్కపెట్టారు. ఒక్కటి తేడా లేదు! సంగతంతా స్రవంతి ఇంగ్లీషులో చెప్పింది. మేడం ఒకటే నవ్వు! తప్పు నీది కాదు, మిగతా వాళ్ళ ఇళ్ళకీ నువ్వే వెళ్ళి సీసాల్లో ఏముందో చూసి రా అంది. చూస్తే ఏముంది, ఒకాయన సీసాలో మేకులట, ఒకావిడ సీసాలో గుండీలట!

సోమవారానికల్లా స్రవంతి కొత్త ఫారం తెచ్చింది. అందులో కొత్త ప్రశ్న: 'ఈ సీసాలో ఉన్నవి మాత్రలేనా?' నా పుణ్యాన పుట్టిన ప్రశ్న కదా, గర్వంగా 'అవును' అని టిక్కు పెట్టి సంతకం చేశాను.

స్రవంతి నసుగుతూ కాగితాన్ని లలిత వైపు తిప్పింది. "ఏమనుకోకండి అమ్మమ్మా. అందరికీ ఒక్క సంతకం చాలు. మీకు మాత్రం సాక్షి సంతకం గూడ కావాలన్నది మేడం."

నా కడుపున పుట్టిన లలిత ఒక్కో మాత్రా బయటికి తీసి, ఖాళీ సీసాను మూడుసార్లు వాసన చూసి, అప్పుడు పెట్టింది సంతకం!