సున్నం బొట్టు పెట్టిన బీరకాయలు

మా చిన్నతనంలో కూరగాయలు కొనుక్కునేవాళ్ళం కాదు... ఎండాకాలంలో ఇంటికో బండెడు పశువుల ఎరువు మా ఊరి మల్లవ్వత్త కూరగాయల తోటకు పోయేది. పంట మొదలయ్యాక ప్రతి మంగళవారం ఆ ఇంటికి ఒక గంపెడు కూరగాయలు వచ్చేవి. అంతే ఒప్పందం.

గంపలో ఏముండాలో మనం చెప్పేది లేదు. తోట ఏది ఇస్తే అది. వంకాయలు విరగకాస్తే మూడు వారాలు వంకాయలే... ఏమీ కాయకపోతే ఏమీ లేదు. ఎవరూ అడిగేవారు కాదు.

గంప తెచ్చే పని నాది. తొమ్మిదేళ్ళుంటాయేమో. బడి అప్పటికే మానిపించారు. దారిలో కుక్క వెంటపడుతుందేమో, బావి గట్టున కాలు జారుతుందేమో, కాయలు తక్కువైతే అమ్మ ఏమంటుందో... ఈ గుబులు నాకు అప్పటినుంచే ఉంది.

ఆ ఏడు బావి అడుగంటింది. తోటలో ఆకులు ముడుచుకున్నాయి. మా ఇంట్లో తమ్ముడు పుట్టి పది రోజులు. అమ్మకు పాలు సరిగా పడడం లేదు. బాలింతకు బీరకాయ వండి పెట్టాలని అమ్మమ్మ పట్టు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి ఊరుకునేవాడు... ఏడుపు కంటే ఆ ఊరుకోవడమే నాకు భయంగా ఉండేది.

తోటకు పోయి చూస్తే పందిరి మీద రెండే బీరకాయలు. రెండింటికీ సున్నం బొట్టు ఉంది. మంచి కాయను లేతగా ఉన్నప్పుడే ఏరి బొట్టు పెట్టేవారు. అది విత్తనానికి ఉంచిన కాయ, తీగ మీదే ఎండాలి, ఎవరూ తెంపొద్దు అని గుర్తు. మల్లవ్వత్తది పొట్టి రకం బీర. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంకెవరి దగ్గరా లేదు.

నేను వట్టి గంప పట్టుకొని నిలబడ్డాను.

"ఏం పోరీ, మీ అమ్మకు పాలు పడ్తున్నయా?"

"లేదత్తా."

ఆమె పందిరి వైపు చూసింది.

"మీ అమ్మను అడిగి రాపో బిడ్డా. విత్తనపు కాయలు ఈ రెండే ఉన్నయని చెప్పు. ఆమె తెంపుమంటె తెంపుత."

అమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు. ఇంటికి పోలేదు. కంచె వెనక కూర్చున్నాను. పోయి వచ్చేంత సేపు అక్కడే ఉండి, ఉరికొచ్చినట్టు రొప్పుకుంటూ లోపలికి పోయాను.

"తెంపుమన్నది అత్తా."

మల్లవ్వత్త పందిరి కిందికి పోయింది. రెండూ తెంపి గంపలో వేసింది. దారిలో నేను లంగా అంచు ఉమ్మితో తడిపి ఆ బొట్లు తుడిచేశాను.

అమ్మ కూర తిన్నది. దాంతో పాలు పడ్డాయో లేదో నాకు గుర్తు లేదు. తమ్ముడు బతికాడు. ఇప్పుడు నిజామాబాదులో ఉంటాడు, మోకాళ్ళ నొప్పులు.

మరుసటేడు మా గంపలో అన్నీ వచ్చాయి... బీరకాయలు మాత్రం ఎవరి గంపలోనూ లేవు, విత్తనమే పోయింది. మల్లవ్వత్త అమ్మతో మాటలు తగ్గించింది. ఎందుకో అమ్మకు అర్థం కాలేదు. "ఏమన్న అన్ననా నేను ఆమెను?" అని నన్నే అడిగేది. నేను గిన్నెలు తోముతూ ఉండేదాన్ని.

ఇద్దరూ పోయారు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఏమీ అనిపించడం లేదు... ఎవరి సంగతో చెప్తున్నట్టుంది.

నేనిప్పుడు దోహాలో, అల్ మన్సూరాలో, బిడ్డ సుజాత దగ్గర ఉంటున్నాను. అమెరికాలో ఆమిష్ వాళ్ళని ఉంటారట, గుర్రాలతో దున్నుతారట. పక్క ఊళ్ళ వాళ్ళు వాళ్ళ తోటల్లో ముందే వాటా తీసుకొని వారం వారం పెట్టె తెచ్చుకుంటారట. సుజాత అది ఫోన్లో చూసి, ఇక్కడికి ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ అనే ఊరి దగ్గర అట్లాంటి తోట ఒకటి ఉంటే చేరింది. "కొత్త పద్ధతి అమ్మా" అని నాకు వివరంగా చెప్పింది. నేను విన్నాను.

మొన్న దుమ్ముగాలి తరువాత పెట్టె వచ్చింది. తెచ్చేది గంగాధర్, మా జగిత్యాల వైపు మనిషే. ఆ రోజు లిఫ్టు చెడింది. ఆ ఎండలో నాలుగు అంతస్తులు ఎక్కొచ్చాడు, కళ్ళు తిరుగుతాయేమోనని ముందే నీళ్ళు పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాను.

సుజాత పెట్టె తెరిచింది. మూడు కీరలు.

"ఏందన్నా ఇది? టమాట మాఫీ, ఆకుకూర మాఫీ! మూడు కీరలకు ఇంత పెద్ద పెట్టె ఎందుకు, జేబుల ఏస్కొస్తే అయిపోదా?" మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని.

"గాలికి తోట మీది నెట్టు మొత్తం లేచిపోయిందక్కా. జేబుల ఏస్కొస్తే మా సూపర్వైజర్ నన్ను పెట్టెల పెట్టి ఊరికి పంపుతడు."

నేను నీళ్ళ గ్లాసు అతని చేతికిచ్చాను. "విత్తనపు కాయలు తెంపలేదు గదా నాయనా?" అన్నాను.

అతను నవ్వాడు. "విత్తనాలు కంపెనీ నుంచి డబ్బాల వస్తయ్ పెద్దమ్మా. మనం దాచేదేముంటది?"

ఊరట కలగాలి కదా... ఏమీ కలగలేదు. గ్లాసు తీసుకొని లోపలికి వచ్చాను.

అతను పోయాక సుజాత అడిగింది. "వచ్చే సీజన్‌కు బంద్ చేద్దామా అమ్మా? నువ్వు ఏమంటవ్?"

"ఉండనియ్యి."

"నీకు కీరలు పడయి గదనే!"

"పడకున్నా ఉండనియ్యి బిడ్డా."

అది నవ్వి ఫోన్లో ఏదో నొక్కింది. నేను కీరలు కడిగి పెట్టాను. నన్ను అడిగారు, నేను జవాబు చెప్పాను... ఆ రోజు మా అమ్మను ఎవరూ అడగలేదు. అడిగే దారిలో నేను కూర్చున్నాను.

ఇప్పుడు కాయలకు బొట్లు లేవు, తెంపే ముందు అడిగేవాళ్ళూ లేరు. మీ ఇళ్ళల్లో విత్తనపు కాయకు ఏం గుర్తు పెట్టేవారు? ఆ పొట్టి బీర ఎవరి పందిరి మీదైనా ఇంకా కాస్తుంటే... ఒక్క మాట చెప్పండి.